పుట్టింటి నడవ

కిందికా, పైకా?

ప్రశ్న వేసుకున్నవాడూ తానే, జవాబు చెప్పవలసినవాడూ తానే. ఆసుపత్రి ఇంజినీరు కింది అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట, తడిసిన బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కూర్చోవడానికి అతనికి ఒక గది ఉంది, గదిలో కుర్చీ ఉంది, కుర్చీలో భార్య కుట్టి ఇచ్చిన దిండు కూడా ఉంది. అయినా కాళ్ళు అతన్ని ఇక్కడికి తెచ్చి దించేశాయి. ఎటూ తేల్చుకోలేని మనిషికి ఏ అంతస్తుకూ చెందని చోటే తగినదని వాటికి తెలిసినట్టుంది. నది మొన్నటి నుంచి పెరుగుతోంది. ఈ ఉదయం వీధి దాటి ప్రహరీని ముట్టుకుంది. ప్రధాన ద్వారానికి అడ్డంగా గాడుల్లో దించిన వరద పలకలు దాన్ని ఇప్పటికైతే బయటే నిలబెట్టాయి. కింది అంతస్తు రోగులను ముందుగానే మొదటి అంతస్తుకు చేర్చారు. అంతవరకూ ప్రతి వర్షాకాలం అభ్యాసం చేసిన పనే. భోజనాల వేళ వాతావరణ కార్యాలయం నుంచి రెండో కబురు వచ్చింది: మేఘంలోంచి తొండంలా నేలకు దిగే సుడిగాలి ఈ వైపుకే తిరగవచ్చు, ఎప్పుడన్నది చెప్పలేం, చీకటి పడేలోగా. సుడిగాలి వస్తే మనుషులు కిందికి పోవాలి. వరద వస్తే పైకి పోవాలి. రెండూ ఒకే సాయంత్రం వాకిట్లో నిలబడితే ఎటు పోవాలో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్ గదిలోకి వెళ్తూ, మోచేతుల దాకా కడుక్కున్న చేతులను గాలిలో ఎత్తి పట్టుకుని, తలుపును వీపుతో నెడుతూ ఒక క్షణం ఆగింది. లోపల వాయిదా వేయడానికి వీల్లేని పొట్ట ఒకటి ఆమె కోసం కాచుకుని ఉంది. "మనుషుల సంగతి నేను చూసుకుంటాను. బిల్డింగు సంగతి మీరు చెప్పండి. నేను బయటికొచ్చేలోగా తేల్చేయండి, నన్నడగడానికి మాత్రం లోపలికి రాకండి" అంది. తలుపు ఆమె వెనక ఊగి, ఊగి, ఆగింది. ఆమెకు అతని మీద నమ్మకం ఉండటం కొత్త కాదు. ఆ నమ్మకం ఇంత బరువుంటుందని మాత్రం తలుపు ఆగాక తెలిసింది. బిల్డింగు సంగతి వేరు, మనుషుల సంగతి వేరు అని ఆమె అంత సులువుగా ఎలా విడగొట్టింది? పొట్టను మనిషి నుంచి కాసేపు విడిగా చూడటం ఆమె వృత్తి. గోడను మనిషి నుంచి విడిగా చూడటం తన వృత్తి అని అతను చాలాకాలం అనుకున్నాడు. చదువుకునే రోజుల్లో గోడ అంటే బరువూ, బలమూ, వంపూ. ఈ ఆసుపత్రికి వచ్చాక, గోడ అంటే దానికి ఆనుకుని ఏడ్చే మనిషి.

బూట్లు తడిసింది కింద. రక్షణ గదిని చూసి రావడానికి వెళ్ళాడు. రక్షణ గది అతని చేతి పని; కింది అంతస్తు నడిబొడ్డున, కిటికీ లేకుండా, జానెడు దాటిన కాంక్రీటు గోడలతో, ఉక్కు తలుపుతో కట్టిన గది. ఎగిరొచ్చిన దూలం తగిలినా చెక్కుచెదరదు. ఆ తలుపును బయటికి తెరుచుకునేలా పెట్టించడానికి అతను ఎంత వాదించాడు! గాలి ఎంత నెడితే తలుపు తన చట్రానికి అంత బిగిసి కూర్చుంటుందని, గాలి బలాన్నే గడియగా వాడుకోవచ్చని. అందరూ మెచ్చుకున్నారు. ఇవాళ ఆ తలుపు ముందు చీలమండ దాకా నీళ్ళున్నాయి. గుమ్మంలోంచి వచ్చినవి కావు, పలకలు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. నేలలోని మురుగు తూముల్లోంచి వెనక్కి తన్నుకుని, పిలవకుండా వచ్చిన చుట్టం నేరుగా వంటింట్లోకి నడిచినంత చనువుగా వచ్చాయి. అతను తలుపు పిడి పట్టుకుని లాగాడు. వచ్చింది, కానీ బద్ధకంగా, నీటిని ముందుకు తోసుకుంటూ, ఎవరో అవతల పట్టుకున్నట్టు వచ్చింది. అప్పుడు అరచేతికి అర్థమైంది, తలకు ఇంకా అందలేదు. గాలి నెడితే బిగిసే తలుపు నీళ్ళు నెట్టినా బిగుస్తుంది. నీళ్ళు మోకాలి దాకా వస్తే లోపలున్నవాళ్ళు ఎంత బలం పెట్టి తోసినా ఆ తలుపు తెరుచుకోదు. దాని గుణమే దాని దోషం. రెండూ వేరు కావు, ఒకే కీలు మీద తిరుగుతున్నాయి. ఒక వస్తువు మంచిదని అన్నప్పుడు దేనికి మంచిదో చెప్పకపోతే ఏమీ చెప్పనట్టేనని రోజూ పడుకునే ముందు చదివే పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశాడు, చూసి తల ఊపాడు, తల ఊపి నిద్రపోయాడు. "ఆ పుస్తకం మిమ్మల్ని చదివి పడుకుంటోంది" అంటుంది భార్య, మొహం మీద నుంచి దాన్ని తీసి పక్కన పెడుతూ.

ఇది ఎలా జరిగిందో తలుచుకుంటే నవ్వు వస్తుంది, నవ్వదగిన సమయం కాకపోయినా. ఆసుపత్రికి గాలి సంఘం ఒకటి, నీటి సంఘం ఒకటి ఉండేవి. గాలి సంఘంలో చర్చ ఎక్కువ, బిస్కెట్లు ఎక్కువ. నీటి సంఘంలో టీ పల్చన, మాట చిక్కన. గాలి సంఘం కిటికీలకు ఇనుప షట్టర్లు, కప్పుకు అదనపు పట్టీలు, రక్షణ గది సాధించింది. నీటి సంఘం వరద పలకలు, మురుగు వెనక్కి తన్నకుండా తూములకు తిరుగు మూతలు సాధించి, జనరేటరును భూగర్భం నుంచి పైకి ఎక్కించింది. రెండింట్లోనూ సగం మంది వాళ్ళే, అతనితో సహా. కానీ గాలి సంఘంలో కూర్చున్నప్పుడు అందరూ గాలి మనుషులు, నీటి సంఘంలో కూర్చున్నప్పుడు అందరూ నీటి మనుషులు. ఒక సంఘంలో రెండో సంఘం మాటెత్తితే, అది మన అంశం కాదని మర్యాదగా పక్కన పెట్టేవారు. ఇంత శ్రద్ధగా, ఇంత నిజాయితీగా, రెండు ఆపదలకు రెండు ఆసుపత్రులు కట్టి, రెంటినీ ఒకే పునాది మీద పెట్టారు. తిరుగు మూతల్లో ఒకటి బిగుసుకోలేదన్నది ఇవాళ తేలిన విషయం. అదేదో చెత్త అడ్డం పడి ఉంటుంది, దానికి ఏ సంఘమూ ఏమీ చేయలేదు.

మెట్ల పైనుంచి అడుగుల చప్పుడు. చూడకుండానే గుర్తుపట్టాడు, ఎడమ మడమ కాస్త నొక్కి వేసే అడుగు, నిలబడి నిలబడి వచ్చిన అడుగు. భార్య. పసిపిల్లల వార్డుకు పెద్ద నర్సు. భుజం మీద అరచేతి వెడల్పు వీపున్న పసివాడొకడు, నెల తక్కువైనా గొంతు తక్కువ కానివాడు, నెల తక్కువ పిల్లలను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలోంచి ఈమధ్యే బయటికి వచ్చి లోకాన్ని తిడుతున్నాడు. ఆమె మెట్ల మీది నుంచి వంగి అతన్నీ, పక్కనున్న బూట్లనీ, తడిసిన సాక్సులనీ చూసింది. ఇంట్లో అయితే ఆ సాక్సుల గురించి మాట వచ్చేది.

"ఏమంటున్నాయండీ మీ గోడలు?"

పెళ్ళైన కొత్తలో మొదలైన పలకరింపు ఇది. ఎలా ఉన్నారనీ కాదు, తిన్నారా అనీ కాదు. అతను ఏ ఇంటికి వెళ్ళినా మొదట గోడను వేలి కణుపుతో తట్టి వింటాడని, అత్తవారింట్లో కూడా కూర్చోమనేలోగా తట్టాడని ఆమె చెప్పి నవ్విస్తుంది. ఇంకా ఏమీ అనలేదని చెప్పాడు.

"మీలాగే. అడిగితే గానీ నోరు విప్పవు." పసివాడి వీపు నిమిరింది. "గాలి ఈల వేస్తుంటే వార్డులో వీడు ఊరుకోడం లేదు. కాసేపు పుట్టింటికి తీసుకెళ్తా. తొందరగా చెప్పండి, పెట్టెలు తోసుకుపోవాలంటే నాకు టైం పడుతుంది." ఎటు అని ఆమె అడగలేదు. ఎటు చెప్తే అటు తోసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న మనిషి ముందు కూర్చోవడం కన్నా, వాదించే సంఘం ముందు కూర్చోవడం తేలిక.

పుట్టిల్లంటే మొదటి అంతస్తు నడవ. రెండు లిఫ్టు బావుల మధ్య, వార్డులకు దూరంగా, కిటికీ అన్నది లేని వెడల్పాటి నడవ. ఒక పక్క మెట్ల గోడ, ఈ చివరా ఆ చివరా నిప్పు పాకకుండా ఆపే మంట తలుపులు. ఫోను పలకదు, ఎండ పడదు, బయటి చప్పుడు వినపడదు. నర్సులు పనిలోంచి ఊపిరి తీసుకోవడానికి అక్కడికే పోతారు. కాసేపు పుట్టింటికి వెళ్ళొస్తానని ఒకరికొకరు చెప్పుకుని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఆసుపత్రి అంతటికీ ఆ పేరు అంటుకుంది. ఊడ్చేవాళ్ళూ, డ్రైవర్లూ, చివరికి పెద్ద డాక్టరమ్మ కూడా, ఆయన ఎక్కడ అంటే పుట్టింట్లో ఉన్నాడంటారు. రోగుల బంధువులు చెడ్డ కబురు విన్నాక అక్కడికే నడుస్తారు, ఎవరూ దారి చూపకపోయినా. మంచి కబురు విన్నవాళ్ళు మాత్రం బయటి వరండాలోకి పోతారు. ఏడ్చే బిడ్డను అక్కడికి తీసుకెళ్తే ఊరుకుంటుంది. ఇంజినీరుకు ఆ నడవతో పడేది కాదు. అది నిప్పు అంటుకుంటే జనం బయటపడవలసిన దారి. దారి ఖాళీగా ఉండాలి. ఆసుపత్రిలో ఖాళీ చోటు ఖాళీగా ఉండదు. ఇవాళ ఒక స్టూలు వస్తుంది, రేపు స్టూలుకు తోడుగా ఒక బల్ల, ఎల్లుండి బల్ల మీద ఫ్లాస్కు. 'ఇచ్చట నిలబడరాదు' అని ఎర్రటి పలక పెట్టించాడు. మర్నాడు ఆ పలకకు ఎవరిదో గొడుగు వేలాడుతోంది. ఆ స్టూలు ఎవరిదని విచారిస్తే సొంత భార్యదని తేలింది. పుట్టింటి విషయంలో అల్లుడిగారి పెత్తనమేమిటని నర్సులందరూ కలిసి అతన్ని ఆటపట్టించారు, ఆమె మాత్రం స్టూలు తీసి లోపల పెట్టింది, అతను వెళ్ళేదాకా.

కింద గుమ్మం దగ్గర వరద పలకలకు కాపలా ఉన్నది కరెంటు బాబాయి. ఆసుపత్రి కన్నా వయసులో పెద్ద, అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాని ఎలక్ట్రీషియను. మెట్ల బావిలోంచి అతని గొంతు నింపాదిగా పైకి వచ్చింది: "ఇంజినీరు గారూ, చుట్టాలు గుమ్మం దగ్గరే ఉన్నారు గానీ, ముందు వచ్చిన పిల్లలు లోపల ఆడుకుంటున్నారు. పిక్కల మీదికొచ్చేశారు." నీళ్ళను అతను పొద్దుటి నుంచీ చుట్టాలనే అంటున్నాడు. పిక్కల మీదికి. బూట్లు విప్పినప్పటి నుంచి ఇప్పటికి అంత. మెట్ల గోడలో పైనున్న చిన్న అద్దపు వెలుతురు కంతలోంచి కనిపించే ఆకాశం ముక్క పసుపుకూ ఆకుపచ్చకూ మధ్య, నయమవుతున్న దెబ్బ రంగులో ఉంది. చెవుల్లో ఏదో తేలికైనట్టు, కొండ ఎక్కుతున్నట్టు. బాబాయిని పైకి వచ్చేయమన్నాడు. ఇంకాసేపు చూసి వస్తానని బాబాయి. నీళ్ళతో మాట్లాడుతూ కూర్చుంటే అవి ఆలకిస్తాయని అతని నమ్మకం కాదు, ఒంటరిగా వదిలేయడం మర్యాద కాదని.

పసివాడి ఏడుపు దూరంగా సన్నబడింది. వార్డులో ఇనుప షట్టర్లు గాలికి టకటకమంటున్నాయి. ఆ షట్టర్లు బిగించిన రోజునే ఆమెను మొదటిసారి చూశాడు. డ్రిల్లింగు మిషను పట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడితే ఒక సన్నటి నర్సు అడ్డం వచ్చి, ముందు ఆ బూట్లు విప్పండి, తర్వాత ఆ మిషను ఎక్కడ మోగిస్తారో నాకు చెప్పండి, నిద్రపోయే పిల్లలున్నారంది. పాలు తాగే వేళ వరకు ఆగమంది. ఆగాడు. బయట బెంచీ మీద, ఒళ్ళో డ్రిల్లు పెట్టుకుని, తన బిడ్డను పిలుస్తారేమోనని చూసే తండ్రుల వరసలో కూర్చున్నాడు. ఒకాయన అతని భుజం తట్టి ధైర్యం చెప్పాడు కూడా. తీరా లోపలికి వెళ్ళి గోడకు మిషను ఆనిస్తే, గొంతు చించుకుంటున్న పిల్లలందరూ ఒక్కొక్కరే నిద్రలోకి జారుకున్నారు. మిషను ఆపితే లేచారు. మళ్ళీ మోగిస్తే పడుకున్నారు. రంధ్రాలన్నీ అయిపోయాయి, పని అయిపోయింది, ఆమె వెళ్ళనివ్వలేదు. ఊరికే మోగించండి, చేతిలో పట్టుకుని, ఇంకాస్సేపు, వాడు గాఢంగా పడుకునేదాకా అంది. ఆ సాయంత్రం అంతా ఏ గోడకూ ఆనని మిషనును గాలిలో మోగిస్తూ, వట్టి కాళ్ళతో, ఆమె వెనకే ఉయ్యాల నుంచి ఉయ్యాలకు తిరిగాడు. పనికిరాని పని అంత సుఖంగా ఉంటుందని అదివరకు తెలియదు.

పైకి పోతే? రెండో అంతస్తులో ఆపరేషన్ గదికి కిటికీలు లేవు, గోడలు గట్టివి; అక్కడున్నవాళ్ళు అక్కడే ఉండవచ్చు. కానీ అది చిన్నది, తెరిచిన పొట్ట చుట్టూ ఇంకెవరినీ నిలబెట్టడానికి వీల్లేదు. దాని చుట్టుపక్కల అన్నీ పెద్ద కిటికీల గదులు, పైన కప్పు. సుడిగాలి మొదట అడిగేది కప్పునే. చిన్నప్పుడు ఇంట్లో గాలివాన వస్తే నాన్న కిటికీలు తెరిచేవాడు, గాలికి దారిస్తే అది దాని దారిన పోతుందని. అమ్మ మూసేది, వస్తువులు తడుస్తాయని. నాన్న ఒక గదిలో తెరుస్తూ వెళ్తే అమ్మ వెనకాలే మూస్తూ వెళ్ళేది, ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టే, కోపం లేకుండా, ఇల్లంతా చుట్టి మళ్ళీ మొదటికి వచ్చేవారు. కిటికీలు తెరవడం వట్టి భ్రమ అని పెద్దయ్యాక చదువుకున్నాడు, అమ్మదే సరి. కానీ నాన్నకు చెప్పలేదు. గాలితో కూడా మంచిగా ఉండవచ్చనుకున్న మనిషికి ఆ మాట చెప్పి ఏం లాభం? వాళ్ళిద్దరూ అలా తిరుగుతుంటే తను ఎక్కడుండేవాడు? నడిమింట్లో, బీరువాకూ గోడకూ మధ్య, దుప్పటి కప్పుకుని, ఇద్దరి అడుగులూ వింటూ.

ఇద్దరి మధ్య. ఆ మాట దగ్గర ఏదో తగిలి ఆగింది. ఏమిటన్నది అందకుండానే జారిపోయింది. తల మళ్ళీ పైకి పోయింది, జనరేటరు దగ్గరికి. రెండో అంతస్తు నడిమధ్యన ఉంది అది, రెండు లిఫ్టు బావుల నడుమ, మందపాటి శ్లాబు మీద. ఏనుగును మేడ ఎక్కిస్తున్నారని ఊరంతా చూడటానికి వచ్చింది. ఆ బరువుకు పాత శ్లాబు చాలదని, కింద నుంచి కొత్త దూలాలు ఇచ్చి, ఇనుము దట్టంగా కట్టించి, పోత పోసేటప్పుడు అతను పక్కనుంచి కదల్లేదు. తర్వాత బరువు పరీక్ష. జనరేటరు కన్నా ఎక్కువ బరువుకు ఇసుక బస్తాలు పేర్చి, ఒక పగలంతా ఉంచి, శ్లాబు ఎంత వంగుతుందో కింద నుంచి సూది గడియారంతో చూడాలి. కింద ఎవరూ నిలబడకూడదు. అతను నిలబడ్డాడు. తను పోయించిన శ్లాబు కిందికి ఇంకెవరినో పంపి సూది చదివించడం అతనికి చేతకాలేదు. మధ్యాహ్నం భార్య క్యారియరు పట్టుకుని వచ్చి, ఎవరూ రాకుండా అడ్డం కట్టిన తాడు కిందుగా వంగి, నేరుగా లోపలికి వచ్చేసింది. బయటికి పొమ్మని కసిరాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని మూత తీసింది. "మీరు కట్టింది మీ నెత్తిన పడితే న్యాయమే. నేనేం పాపం చేశాను?" అంటూనే ముద్ద కలిపింది, కలిపి అతని చేతిలో పెట్టింది. పైన ఇసుక బస్తాల గుట్ట, కింద వాళ్ళిద్దరూ, మధ్యలో ఊరగాయ జాడీ మూత తెరుచుకోదని చిన్న పోట్లాట. తింటూ తింటూ అతను సూదిని చూస్తూనే ఉన్నాడు. అది కదలీ కదలనట్టు కదిలి, అక్కడే నిలిచిపోయింది. ఏమంటోంది మీ శ్లాబు అని ఆమె అడిగింది. బాగానే ఉందంటోంది అన్నాడు. నాకూ అదే వినపడింది అంది ఆమె.

స్టూలు. ఆమె లాక్కున్న స్టూలు. ఆమె స్టూలు ఎక్కడ ఉంటుంది?

జనరేటరు రెండో అంతస్తులో ఉంటే, సూది పెట్టింది దాని కింద. దాని కింద మొదటి అంతస్తు నడవ. ఇన్నేళ్ళూ ఆ శ్లాబును పైనుంచే తలుచుకున్నాడు, జనరేటరు కోసం వేసిన నేలగా. కింద నిలబడినవాళ్ళకు అది కప్పు. ఆసుపత్రి మొత్తంలో అంత గట్టి కప్పు మరొకటి లేదు. దానికి అటూ ఇటూ లిఫ్టు బావుల గోడలు, వెనక మెట్ల గోడ. నీటికి పైన, గాలికి లోపల. ముందు వచ్చింది ఆనందం కాదు, అనుమానం. ఇది కావాలి కాబట్టి ఇది బాగున్నట్టు కనిపిస్తోందా? కోరికకు లెక్కలు చేయడం బాగా వచ్చు. పైన అంత బరువైన యంత్రం పెట్టుకుని కింద పసిపిల్లలను వరసగా పెట్టమనడానికి ఎవరు తను? చుట్టూ గోడలు పోయి, యంత్రం పక్కకు ఒరిగితే? ఒరగదు; శ్లాబులోకి దించిన బోల్టులున్నాయి. చివరల మంట తలుపులు గాలికి ఆగుతాయా? పరుపులు అడ్డం పెట్టి, బీరువాలు ఆనించాలి. అప్పుడు అది దారి కాకుండా పోతుంది. నిప్పు అంటుకుంటే? ఇన్నేళ్ళూ నిప్పు పేరు చెప్పి నిలబడనివ్వని చోట, ఇవాళ గాలి పేరు చెప్పి తలుపులు మూయమనడం. ప్రతి ఆపదా తనొక్కటే ఆపదన్నట్టు మాట్లాడుతుంది, ఆ సంఘాల్లాగే. ఎవరో ఒకరు కూర్చుని ఇవాళ వచ్చినవాళ్ళెవరో, రానివాళ్ళెవరో చూడాలి. నిప్పు ఇవాళ రాలేదు. నీళ్ళు వచ్చాయి. గాలి దారిలో ఉంది.

వీపు వెనక గోడ చల్లగా ఉంది. మెట్ల గోడ, నడవకు వెనక ఉండే గోడ ఇదే, కింద నుంచి పైదాకా ఒకే పోత. షట్టర్లు మోగుతున్నాయి, ఎక్కడో రేకు కొట్టుకుంటోంది, గోడ మాత్రం ఊరుకుంది. ఈ చల్లదనం వీపుకు తెలుసు. ఎప్పటిది? కూతురు పుట్టినప్పటిది. ఇప్పుడు వాలీబాల్ ఆడుతూ మోకాళ్ళు చెక్కుకునే, పుట్టిన పెట్టెను నా మొదటి అద్దె ఇల్లు అని చెప్పుకుని నవ్వే కూతురు, అప్పుడు అతని మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండేది. ఆ వరద పొద్దున జనరేటరు భూగర్భంలో మునిగిపోయింది. కరెంటు పోయింది, పెట్టెల వెలుగులు ఆరాయి, యంత్రం ఆమెకు ఊపిరి ఇవ్వడం మానేసింది. రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ ఊపిరి ఇవ్వాలి. నర్సులు వంతులేసుకున్నారు, వేళ్ళు పట్టేస్తే తండ్రులకు నేర్పారు. నొక్కు, వదులు. గట్టిగా కాదండీ, కోడిపిల్లను పట్టుకున్నట్టు అని భార్య, బాలింత, మంచం మీదే పడుకోవలసినది, పక్కన నిలబడి చెప్తోంది. నొక్కు, వదులు. ఈ జ్ఞాపకంలో అతను ఎప్పుడూ చూసేది ఆ చిన్న ఛాతీ లేవడం, దిగడం. ఆ తర్వాత జనరేటరును పైకి ఎక్కించాలని ఒట్టు పెట్టుకోవడం. ఎక్కడ నిలబడి నొక్కాడన్నది ఎప్పుడూ చూసుకోలేదు. వార్డు షట్టరు ఒకటి ఊడిపోయి, కిటికీ అద్దాలు అప్పటికే పగిలిపోయి, వాన లోపలికి కొడుతోంది. ఎవరో పెట్టెలు తోసుకుంటూ బయటికి తెచ్చారు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. నడవలోకి. నొక్కుతూ నొక్కుతూ కాళ్ళు తేలిపోతే అతను వెనక్కి జారి గోడకు ఆనుకున్నాడు, ఆ గోడ చల్లగా, అదరకుండా, వీపును పట్టుకుంది. ఇదే గోడ. లోకమంతా ఊగుతుంటే ఊగనిది అదొక్కటే అని వీపు గుర్తుంచుకుంది, తల మర్చిపోయింది. మర్చిపోయి, సరిగ్గా అక్కడ, ఇచ్చట నిలబడరాదని పలక కొట్టించింది. నర్సులు మర్చిపోలేదు, మర్చిపోకూడదని అనుకోనూ లేదు. అప్పటి పిల్లలు పెరిగారు, అప్పటి నర్సులు మారారు, ఆ పేరొక్కటే చేతి నుంచి చేతికి వచ్చింది. అక్కడికే పోతూ ఉన్నారు, అంతే.

"ఇంజినీరు గారూ, మోకాళ్ళకొచ్చారు. నేను పైకొచ్చేస్తున్నా. ఈ చుట్టాలతో ఇక మాటల్లేవు."

అతను లేచాడు. బూట్లు అక్కడే వదిలేశాడు. వేలి కణుపుతో గోడను ఒకసారి తట్టి, చెవి ఆనించలేదు, విన్నది చాలు. మెట్లెక్కి నడవలోకి వెళ్ళేసరికి భార్య స్టూలు మీద కూర్చుని ఉంది, పసివాడు ఆమె భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆమె తల ఎత్తి అతని మొహం చూసింది, తర్వాత వట్టి పాదాలు చూసింది. ఎర్రటి పలకను రెండు చేతులా పట్టుకుని లాగాడు. తను పెట్టించిన మరమేకులే, బాగా పెట్టించాడు, ఒక పట్టాన రాలేదు. వెనకే వచ్చిన కరెంటు బాబాయి జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అందించి, అటు తిరిగి నిలబడ్డాడు, అల్లుడిగారి పరువు కాపాడుతున్నట్టు. పలక ఊడి వచ్చింది. పైన ఆపరేషన్ గదికి కలిపే ఇంటర్‌కంలో సహాయకురాలికి చెప్పాడు: డాక్టరమ్మను కదలొద్దనండి, మీరున్నచోటే క్షేమం, మిగిలినవాళ్ళంతా మొదటి అంతస్తు నడవకు. అవతల ఏదో లోహపు చప్పుడు, తర్వాత జవాబు: సరేనన్నారు, కానివ్వమన్నారు.

నర్సుల బల్ల మీద మైకు ఉంది. దాని పక్కనే చదవవలసిన మాటలు అంటించి ఉన్నాయి, అతనే రాయించినవి: శ్రద్ధగా వినండి, సుడిగాలి హెచ్చరిక, అందరూ కింది అంతస్తులోని రక్షణ గదికి. అవి కాకపోతే ఏమనాలి? మొదటి అంతస్తు మధ్య నడవ అంటే కొత్తవాళ్ళు వెతుక్కుంటారు, పాతవాళ్ళు తన పలకను తలుచుకుని తటపటాయిస్తారు. బొత్తాం నొక్కాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోట రాని మాట ఆసుపత్రి గదులన్నింట్లోనూ మోగింది.

"ఇంజినీరును మాట్లాడుతున్నాను. అందరూ పుట్టింటికి రండి. నడవలేనివాళ్ళను నడవగలిగినవాళ్ళు పట్టుకుని తీసుకురండి. పరుపులు తెచ్చుకోండి. అందరూ పుట్టింటికి రండి."

ఎక్కడో ఒక నర్సు నవ్వింది, ఆ వెంటనే మంచాల చక్రాలు కదిలిన చప్పుడు. ఎటు అని ఎవరూ అడగలేదు. బాబాయి ఆ చివరి తలుపుకు బీరువా ఆనించడానికి పరుగెత్తాడు, అతని వయసుకు అది పరుగే. భార్య నిద్రపోతున్న పసివాణ్ణి ఎవరి తల్లి చేతుల్లోనో పెట్టి, వార్డులోకి నడిచి, మొదటి పెట్టె తలవైపు పట్టుకుంది. అతను కాళ్ళవైపు పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చిన్న ఎత్తు ఉంది, తొందరపడకండి, కోడిపిల్లను పట్టుకున్నట్టు అంది ఆమె. అతను చక్రాల బ్రేకు వదిలి, నెట్టాడు.